హెడ్‌లైట్ రిలే వైరింగ్ కిట్ కొనేవాళ్ళకు జాగ్రత్త: బల్బులు బాగానే ఉన్నాయి, లైట్లే లేవు

కారు హెడ్‌లైట్ల వెలుగు చాలడం లేదని ఆన్‌లైన్‌లో చవకగా దొరికే రిలే వైరింగ్ కిట్ ఒకటి కొని బిగించాను. (కరెంటును కారు స్విచ్ మీదుగా కాకుండా, రిలే అనే విద్యుత్ స్విచ్‌తో బ్యాటరీ నుంచి నేరుగా బల్బులకు పంపే వైర్ల సెట్టు ఇది.) ఐదు నెలలు బ్రహ్మాండంగా పనిచేసింది. ఆ తర్వాత ఒక రాత్రి వానలో, సరిగ్గా మలుపు దగ్గర, రెండు లైట్లూ ఒక్కసారే ఆరిపోయాయి. హైబీమ్ వేసినా అంతే. పార్కింగ్ లైట్లు, ఇండికేటర్లు మాత్రం వెలుగుతున్నాయి. కారు పక్కకు తీసేదాకా ప్రాణం అరచేతిలో పెట్టుకున్నట్టే ఉంది.

మర్నాడు మెకానిక్ బల్బులు పోయాయన్నాడు. కొత్తవి వేశాం, వెలగలేదు. పాతవాటిని నేరుగా బ్యాటరీకి కలిపితే భేషుగ్గా వెలిగాయి! రెండు బల్బులు ఒకే క్షణంలో పోవడం ఎంత అరుదో ముందే తట్టి ఉండాల్సింది. రెండు వైపులా ఒకేసారి ఆరితే రెండింటికీ ఉమ్మడిగా ఉన్న చోటే వెతకాలి: స్విచ్, రిలే, మెయిన్ ఫ్యూజు, ఎర్త్. ఒక్క వైపే ఆరితే అప్పుడు ఆ వైపు బల్బు, కనెక్టరు సంగతి. మెకానిక్ ఈసారి స్టీరింగ్ దగ్గరి కాంబినేషన్ స్విచ్ మార్చాలన్నాడు. దాని ధర విన్నాక వోల్టులు కొలిచే మల్టీమీటరు నేనే పట్టుకున్నాను.

పట్టుకుని నేనూ తప్పే చేశాను. రెండు బల్బులూ పీకేసి, ఖాళీ కనెక్టరులో కొలిచాను. 12.4 వోల్టులు. ఇంత నిండుగా వస్తుంటే లైటు ఎందుకు వెలగదని ఒక పూటంతా జుట్టు పీక్కున్నాను. మీటరు తీసుకునే కరెంటు దాదాపు సున్నా. ఆ కాస్తా ఎంత కాలిపోయిన కాంటాక్టులోంచైనా దాటి వచ్చేస్తుంది. అదే 55 వాట్ల బల్బుకైతే నాలుగున్నర ఆంపియర్లు కావాలి, అసలు రంగు అప్పుడు బయటపడుతుంది. బల్బులు తగిలించి, లైట్లు ఆన్ చేసి, కనెక్టరు వెనకనుంచి ప్రోబులు (మీటరు తీగల మొనలు) దూర్చి కొలిస్తే వచ్చింది 3 వోల్టులే. ఫిలమెంటు ఆరబోతున్న నిప్పులా ఎర్రగా ఉందంతే.

మిగతా తొమ్మిది వోల్టులు ఎక్కడ పోతున్నట్టు? లైట్లు ఆన్‌లోనే ఉంచి, ఒక ప్రోబు బ్యాటరీ ప్లస్ మీద పెట్టి, రెండోదాన్ని దారి పొడవునా ఒక్కో జాయింటుకు తాకిస్తూ పోయాను. ఇలా కొలిస్తే అక్కడిదాకా పోయిన వోల్టులే మీటరులో కనిపిస్తాయి. కిట్‌తో వచ్చిన ఫ్యూజు హోల్డరుకు ఇవతల 0.1 వోల్టు, అవతల 8.5. మూత తీస్తే ప్లాస్టిక్ కరిగి ఫ్యూజు కాలికి అంటుకుపోయి ఉంది, లోపలి రేకు బొగ్గులా నల్లబడింది. ఫ్యూజు మాత్రం పోలేదు. కరెంటు ఎక్కువైతేనే ఫ్యూజు పోతుంది, ఇక్కడ వదులు కాంటాక్టు వల్ల కరెంటు తగ్గింది, వేడంతా హోల్డరు మీద పడింది. ఫ్యూజు బాగుంది కదా అని నేనూ, మెకానిక్కూ ఆ చోటు దాటేశాం.

అనుమానమొచ్చి వైరు కూడా కోసి చూశాను. పైన తొడుగు లావుగా, లోపల పట్టుమని పదిహేను పోగులైనా లేవు. బ్లేడుతో గీకితే పైన ఎర్రన, కింద తెల్లన. అల్యూమినియానికి రాగి పూత! అదే మందం రాగి తీగతో పోలిస్తే దీని రెసిస్టెన్స్ ఒకటిన్నర రెట్ల పైమాటే. పైగా క్రింప్ చేసిన చోట, అంటే వైరు చివర రేకుతో నొక్కి బిగించిన చోట, కాలక్రమేణా వదులైపోతుంది. రిలే మీద మాత్రం 40 ఆంపియర్లని దర్జాగా అచ్చు వేశారు.

అమ్మినవాళ్ళను అడిగితే, 'ఎక్కువ వాట్ల బల్బులు వేసి ఉంటారు, వారంటీ రాదు' అన్నారు. నావి కారుతో వచ్చిన 60/55 వాట్ల (హైబీమ్‌కు 60, లోబీమ్‌కు 55) హెచ్4 రకం బల్బులే. ఫొటోలు పంపాను, ఇప్పటికీ ఉలుకూ పలుకూ లేదు.

అయినా కొంటానంటే, బిగించే ముందు వైరు చివర గీకి చూడండి. లోపలిదాకా ఎర్రగా ఉండాలి. (పైన తెల్లగా, లోపల ఎర్రగా ఉంటే అది తగరం పూత వేసిన రాగి, భయం లేదు.) క్రింప్‌లు ఒక్కోటి గట్టిగా లాగండి. ఊడొస్తే ఆ రోజే వెనక్కి పంపేయండి. ఇలాంటి వైరు మీద 100/90 వాట్ల బల్బులు పెట్టడం, ఫ్యూజు పోతోందని పెద్ద ఫ్యూజు వేయడం అంటే కారుకు నిప్పు పెట్టుకోవడమే.

ఇప్పటికే బిగించుకున్నవాళ్ళు ఒకసారి బానెట్ ఎత్తి చూసుకోండి. కారు ఒరిజినల్ కనెక్టర్లు అక్కడే ఉంటాయి, ఒకటి కిట్‌కు తగిలించి, రెండోది ఊరికే టేపు చుట్టి. దారిలో లైట్లు పోతే స్విచ్ ఆపి, కిట్ హోల్డర్లు పీకేసి, ఆ పాత కనెక్టర్లనే నేరుగా బల్బులకు తగిలిస్తే చాలు. ఐదు నిమిషాల పని. ఆ రాత్రి వానలో టార్చి పట్టుకుని గంటన్నర నిలబడ్డాను, నా మోచేతి పక్కనే వేలాడుతోంది ఆ కనెక్టరు.