‘లోతైన సాహిత్య విశ్లేషణ’ కిట్‌లు కొనేవారికి జాగ్రత్త

మా అమ్మాయి ఏడో తరగతి. కథ మీద వ్యాసం రాయమంటే కథంతా మళ్లీ చెప్పి, చివర ‘ఈ కథ నాకు బాగా నచ్చింది’ అని ముగిస్తుంది. ఆ అలవాటు మాన్పిద్దామని, ఆరు నుంచి ఎనిమిదో తరగతి పిల్లలకు విశ్లేషణ నేర్పుతామన్న ఒక ఆన్‌లైన్ కిట్ కొన్నాను. కొనకముందు చూపించింది అట్ట, విషయసూచిక మాత్రమే. అక్కడే అనుమానించాల్సింది.

లోపలున్నవి ఖాళీలు పూరించే వాక్యాలు. ‘రచయిత డాష్ ద్వారా డాష్ అనే భావాన్ని అద్భుతంగా వ్యక్తపరిచారు. ఇది పాఠకుల హృదయాలను హత్తుకుంటుంది.’ ఇలాంటివి పేజీలకు పేజీలు. అందరికీ తెలిసిన ఏడు చేపల కథ ఇచ్చి రాయమన్నాను. ‘రచయిత చేప ద్వారా బాధ్యత అనే భావాన్ని అద్భుతంగా వ్యక్తపరిచారు’ అని రాసింది. నోటి నుంచి నోటికి వచ్చిన కథకు రచయిత ఎవరమ్మా అంటే బిక్కమొహం వేసింది. చేప తీసేసి అక్కడ కాకి అని పెట్టినా ఆ పేరా చెక్కుచెదరదు. కిట్‌లోని పరీక్ష దానికి ‘అత్యుత్తమం’ అని ముద్ర వేసింది. ‘ఇతివృత్తం’, ‘ప్రతీక’ వంటి మాటలు ఎన్ని పడ్డాయో లెక్కపెట్టడమే ఆ పరీక్ష చేసే పని అని తర్వాత అర్థమైంది.

ఇంతకన్నా హాని చేసింది ప్రతీకల పట్టిక. వర్షం అంటే దుఃఖం, ఎరుపు అంటే కోపం, చీకటి అంటే భయం. పిల్ల దాన్ని ఎక్కాల్లా బట్టీపట్టింది. బడిలో ఇచ్చిన కథలో ఎండిపోయిన చేను మీద వాన పడుతుంది, రైతు తడుస్తూ నిలబడతాడు. ‘వర్షం రైతు దుఃఖానికి ప్రతీక’ అని రాసి వచ్చింది. టీచర్ పక్కన ఎర్ర సిరాతో ఒక్క ప్రశ్న వేశారు: ‘మరి రైతు నవ్వుతున్నాడు కదా?’

వాదన, ఆధారం, వివరణ అనే మూడు గళ్ల చట్రం కూడా ఉంది. చట్రం మంచిదే, ఎందరో టీచర్లు వాడేదే. కానీ ఇందులో ఆధారానికి ఆరు గీతలు, వివరణకు ఒకటే గీత. ఆధారంగా చూపిన మాట కథలో ఎందుకుందో, అది లేకపోతే ఏమయ్యేదో రాయాల్సింది వివరణలోనే. లోతు అంటూ ఉంటే అక్కడే ఉంటుంది. దానికే చోటివ్వలేదు.

డబ్బు వాపసు అడిగితే, ఫైళ్లు తెరిచారు కనుక కుదరదన్నారు. కాబట్టి కొనేముందే అడగండి: ఒకే విద్యార్థి రాసిన మొదటి ప్రతి, దిద్దాక రాసిన ప్రతి రెండూ చూపించమనండి. అందులో ఒక పేరా తీసి కథ పేరు మార్చి చదవండి. అప్పటికీ అతికినట్టు సరిపోతే ఆ కిట్ జోలికి పోకండి.

కిట్ పక్కన పడేసి ఏడు చేపల కథనే మళ్లీ చదివాం. ‘ఈ కథలో నీకు వింతగా అనిపించిన మాట ఏది?’ అని మాత్రం అడిగాను. చాలాసేపు ఆలోచించి చీమ మాట అంది. చీమ కూడా పాప మీదికే నెట్టింది కదా అన్నాను. ఒప్పుకోలేదు, నాతో వాదించింది, ఆ వాదననే రాసింది: ‘చేప నుంచి పాప దాకా అందరూ తప్పు ఇంకొకరిదే అన్నారు. చీమ మాత్రం కుట్టింది తానేనని ఒప్పుకుంది. పైగా నా బంగారు పుట్టలో వేలు పెడితే కుట్టనా అని ఎదురు ప్రశ్న వేసింది. అడిగినవాళ్ల దగ్గర దానికి జవాబు లేదు, అందుకే కథ అక్కడ ఆగిపోయింది.’

ఉండబట్టలేక ఈ పేరాను కూడా ఆ కిట్ పరీక్షలో పెట్టి చూశాను. ‘మెరుగుపరచాలి’ అని వచ్చింది.