న్యూజెర్సీనా, పెన్సిల్వేనియానా: తొలినాళ్ల అమెరికాలో ఎక్కడి ఓటు మేలు?

1776లో బ్రిటన్‌తో తెగతెంపులు చేసుకున్నాక, ఎవరు ఓటేయాలో ఏ రాష్ట్రానికి ఆ రాష్ట్రమే తేల్చుకుంది. 1787 నాటి రాజ్యాంగం కూడా ఆ పనిని రాష్ట్రాలకే వదిలేసింది. చాలాచోట్ల ఆస్తిపాస్తులున్న మగవాళ్లదే ఓటు. డెలావేర్ నదికి చెరో ఒడ్డున ఉన్న ఈ రెండు రాష్ట్రాలు మాత్రం చెరో తలుపు తెరిచాయి.

పెన్సిల్వేనియా ఆస్తి షరతు తీసేసింది. 21 ఏళ్లు నిండి, ఏడాదిగా అక్కడే ఉంటూ, పన్ను కట్టిన ప్రతి స్వతంత్ర పురుషుడికీ ఓటిచ్చింది. ఫిలడెల్ఫియాలో అద్దె ఇంట్లో ఉండి చెప్పులు కుట్టుకునేవాడికి ఇది చాలా పెద్ద మాట. తెల్లవాడై ఉండాలని రాయలేదు కాబట్టి కొన్ని కౌంటీల్లో (మన జిల్లాల్లాంటివి) నల్లవాళ్లూ ఓటేశారు. బానిసత్వాన్ని మెల్లగా తొలగించే చట్టం కూడా పెన్సిల్వేనియాలో 1780లోనే వచ్చింది, న్యూజెర్సీలో 1804 దాకా రాలేదు. కానీ పెన్సిల్వేనియాలో ఆడవాళ్లకు ఓటు లేనే లేదు.

న్యూజెర్సీ 50 పౌన్ల ఆస్తి అడిగింది. బీదవాళ్లకు అక్కడే దారి మూసుకుపోయింది. అయితే ఆ ఆస్తి ఉండి, ఏడాదిగా కౌంటీలో ఉంటున్న వయోజనులు ఎవరైనా సరే ఓటర్లే. స్వతంత్రులైన నల్లవాళ్లు, వితంతువులు, పెళ్లికాని స్త్రీలు ఓటేశారు. 1797 చట్టం ఓటరు గురించి చెబుతూ 'అతడు లేదా ఆమె' అనే రాసింది. 1801లో మాంట్‌గోమరీ టౌన్‌షిప్ ఓటర్ల జాబితాలో 40 మందికి పైగా ఆడవాళ్ల పేర్లున్నాయి. భార్యలకు మాత్రం ఈ భాగ్యం లేదు. పెళ్లయితే ఆమె సొమ్ము చట్టం దృష్టిలో భర్తది, ఇక 50 పౌన్లు చూపించేది ఎక్కడినుంచి? భర్త పోతే తప్ప ఓటు రాదు. ఇంత అన్యాయమైన లెక్క ఇంకోటి ఉండదు.

ఓటర్ల సంఖ్యే చూస్తే పెన్సిల్వేనియా పద్ధతే మేలు. అయినా నేను న్యూజెర్సీ వైపే మొగ్గుతాను. లేని డబ్బు కష్టపడితే రేపు రావచ్చు. ఆడపిల్లగా పుట్టినందుకే ఓటు లేదంటే ఆ మనిషి జన్మలో ఏం చేయగలదు?

బాధ ఏమిటంటే ఆ తలుపును న్యూజెర్సీ తానే మూసేసింది. 1807లో ఎసెక్స్ కౌంటీ కోర్టు భవనం ఎక్కడ కట్టాలనే దానిపై నెవార్క్‌కీ ఎలిజబెత్‌టౌన్‌కీ పోటీ పడి, రెండు వైపులా దొంగ ఓట్లు గుద్దేశారు. నింద ఆడవాళ్ల మీద, నల్లవాళ్ల మీద వేశారు. ఆ ఏడాదే వచ్చిన చట్టం, పన్ను జాబితాలో పేరుంటే చాలు 50 పౌన్లు ఉన్నట్టే అంది. అంటే పెన్సిల్వేనియా పద్ధతే. కానీ తెల్ల మగవాళ్లకే! బీద తెల్లవాడికి ఇస్తూ అదే కలంపోటుతో వితంతువు ఓటూ, నల్లవాడి ఓటూ లాగేసుకున్నారు. ముందు ఉన్నవాళ్లను ఉంచి కొత్తవాళ్లను చేర్చుకుంటే ఎవరికి నష్టం? పెన్సిల్వేనియా కూడా 1838లో రాజ్యాంగంలో 'తెల్ల' అనే షరతు చేర్చింది.

1870లో, జాతి, రంగు చూసి ఓటు కాదనకూడదన్న రాజ్యాంగ 15వ సవరణ వచ్చాక, దాని అండతో మొదట ఓటేసిన నల్లజాతీయుడు న్యూజెర్సీవాడే: పెర్త్ ఆంబాయ్‌కి చెందిన థామస్ మండీ పీటర్సన్. ఆ రాష్ట్రంలోని ఆడవాళ్లు మాత్రం 1807లో పోయిన ఓటు కోసం 1920 దాకా ఆగాల్సి వచ్చింది.