తక్కువ ఖర్చులో మార్సెయ్: ఎక్కడ పెట్టాలి, ఎక్కడ మిగుల్చుకోవాలి

ఫ్రాన్స్ దక్షిణ తీరంలోని రేవు పట్నం మార్సెయ్‌కి వెళ్తున్నామంటే పారిస్‌లో ఉండే మనవాళ్లు ముందు చెప్పేది "ఫోన్ జాగ్రత్త" అనే. జాగ్రత్త అవసరమే, అలాగని ఊరే మానేస్తే నష్టం మనకే. ఇక్కడ చూడదగ్గవాటిలో సగానికి సగం ఫ్రీ, కాబట్టి టికెట్ల మీద మిగిలింది బస మీద పెట్టమంటాను.

పారిస్ నుంచి విగో అనే చవక టికెట్ల హైస్పీడ్ రైలుకి ముందే బుక్ చేసుకుంటే చవకే, కాకపోతే పెద్ద బ్యాగుకి విడిగా కట్టాలి. సాన్ షార్ల్ స్టేషన్ బయటే 104 మెట్లున్నాయి, దిగేటప్పుడు బాగానే ఉంటుంది. స్టేషన్ దగ్గర నాకు దొరికిన హాస్టల్ రేటు తక్కువే కానీ లిఫ్ట్ లేదు, దుప్పటికి అదనం, లాకర్‌కి తాళం మనదే, పైగా రాత్రంతా వీధి గోల. తర్వాత పాత రేవు దగ్గరికి మారాను. మంచానికి కొన్ని యూరోలు ఎక్కువైనా వంటగది ఉంది, చాలా చోట్లకి నడిచే వెళ్లొచ్చు.

పొద్దున్నే రేవు గట్టు మీద చేపలమ్ముతారు, పక్కనే నార్మన్ ఫోస్టర్ కట్టిన అద్దం పందిరి కింద తలెత్తితే మనమే తలకిందులుగా కనిపిస్తాం. సాన్ జాన్ కోట, పానియే అనే పాత పేట సందులు, కొండ మీది నోత్ర్ దామ్ చర్చి, దేనికీ టికెట్ లేదు. ఆ చర్చిలో పైకప్పు నుంచి బుల్లి బుల్లి ఓడలు వేలాడుతుంటాయి, నావికుల మొక్కులట.

తిండికి నోయాయ్ బజారు. బుయాబేస్ అనే చేపల పులుసు పేరున్న హోటళ్లలో అరవై యూరోల పైమాటే, నేను దాని జోలికి పోలేదు. శనగపిండి ఉడికించి, చల్లార్చి, ముక్కలు కోసి వేయించే పానీస్ మాత్రం వదలొద్దు, మిరియాల పొడి చల్లుకుంటే అచ్చం మనింటి సాయంత్రం టిఫినే.

అసలు వెళ్లాల్సింది కలాంక్‌లకి, అంటే కొండల మధ్యకి చొచ్చుకొచ్చిన సన్నటి సముద్రపాయలకి. బస్సులో లూమినీ దాకా వెళ్లి అక్కడి నుంచి నడిస్తే తెల్లటి సున్నపురాతి కొండల మధ్య సూజితోన్ అనే చిన్న సముద్రపాయ వస్తుంది. జనం తొక్కిడికి మట్టి కొట్టుకుపోతోందని 2022 నుంచి వేసవిలో రోజుకి 400 మందినే పంపుతున్నారు. రిజర్వేషన్ ఉచితమే, ఆన్‌లైన్‌లో ముందే చేసుకోవాలి. దారిలో నీళ్లు దొరకవు, తిరుగు ఎక్కుడు ఎండలో ప్రాణం తీస్తుంది. ఆ వైపే మజార్గ్‌లో మొదటి ప్రపంచయుద్ధంలో చనిపోయిన మన సైనికుల స్మారకం ఉంది, 1925లో ఆవిష్కరించారు. అరగంట ఆగి చూడండి, నేను వెళ్లినప్పుడు లోపల ఎవరూ లేరు.

సముద్రంలో దీవి మీదున్న ఇఫ్ కోటకి పడవ ఖర్చు, లోపలికి టికెట్ మళ్లీ వేరు. అంత పెట్టేకంటే అదే రేవు నుంచి ఫ్రియూల్ దీవికి వెళ్లి ఈత కొట్టడం మేలు. మిస్ట్రాల్ అనే ఇక్కడి ఈదురుగాలి గట్టిగా వీస్తే పడవలు ఆపేస్తారు, ఆ రోజు ముసెమ్ అనే మధ్యధరా నాగరికతల మ్యూజియానికి పెట్టుకోండి, మంగళవారమైతే అదీ సెలవే.