కబ్స్ పిల్లలతో క్యాంపు: కృష్ణ ఒడ్డా, మామిడి తోటా?

దసరా సెలవులు అయిపోగానే మా కబ్స్, బుల్‌బుల్స్ (స్కౌట్స్, గైడ్స్‌లో చిన్న పిల్లల జట్లు) పిల్లల తల్లిదండ్రులు ప్రతి ఏడూ అడిగే మాట ఒకటే: "ఈసారి సోమశిలలోనే డేరాలు వేద్దామా?" ఫోన్‌లో ఒక్కొక్కరికీ చెప్పే బదులు నా లెక్క ఇక్కడ రాస్తున్నాను. మా పిల్లలంతా పదేళ్ల లోపు వాళ్లు. వాళ్లతో అమ్మానాన్నలు వస్తారు, కొందరి వెంట నానమ్మలు కూడా వస్తారు. ఒక రాత్రి అందరం బయట పడుకోవాలి, నెగడు చుట్టూ కూర్చుని పిల్లలతో పాటలు పాడించాలి.

అందంలో సోమశిలకు పోటీ లేదు. కొల్లాపూర్ నుంచి పది కిలోమీటర్లు పోతే చాలు, కొండల మధ్య కృష్ణమ్మ కనిపిస్తుంది. లైఫ్ జాకెట్లు వేసి పిల్లల్ని లాంచీ ఎక్కిస్తే నెల రోజులు అదే ముచ్చట చెబుతారు.

కానీ అక్కడ ఒడ్డు ఒక్కచోట నిలవదు. అది శ్రీశైలం జలాశయం వెనుక జలాలు. నిండితే 885 అడుగులు. వానలు పోయాక నీళ్లు వాడుకుంటున్న కొద్దీ మట్టం దిగిపోతుంది. దిగిన మేర ఒండ్రు తేలుతుంది. పైన ఎండి పగుళ్లిచ్చి గట్టి నేలలాగే ఉంటుంది, అడుగున అంతా బురద. రెండేళ్ల కింద ఏడేళ్ల పాప మాకు పది అడుగుల దూరంలోనే మోకాలి దాకా దిగబడింది. వాళ్ల నాన్న చంకల కింద చేతులేసి పైకి లాగాడు. చెప్పు బురదలోనే ఉండిపోయింది. పాపకు ఏమీ కాలేదు. కానీ ఆ రాత్రి పెద్దవాళ్లం వంతులేసుకుని టార్చ్‌లు పట్టుకుని నీళ్ల వైపే చూస్తూ కూర్చున్నాం. పాటలు లేవు. రెండు రోజులూ పిల్లలు మా నోట విన్నది ఒకటే, "అటు పోవద్దు".

అందుకే నా దృష్టిలో అన్నిటికన్నా ముందు చూడాల్సింది హద్దు. ఆరేళ్ల పిల్లవాడికి కంటికి కనిపించే హద్దు ఉండాలి. "ఆ కంచె దాకా నీ ఇష్టం" అని ఒక్కసారి చెబితే వాడు ఆడుకుంటాడు, పెద్దవాళ్లకు టెన్షన్ ఉండదు.

ఆ హద్దు మాకు కొల్లాపూర్ వైపు మామిడి తోటలో దొరికింది. పాత తోటల్లో చెట్టుకూ చెట్టుకూ మధ్య ముప్పై అడుగుల ఎడం ఉంటుంది కాబట్టి కుటుంబానికో డేరా హాయిగా పడుతుంది. పూతకు ముందు రెండు మూడు నెలలు చెట్లకు నీళ్లు ఆపేస్తారు, నవంబరులో నేల పొడిగా ఉంటుంది. ఎర్ర చెలకలో మేకులు సులువుగా దిగుతాయి. పొద్దున కొమ్మల కింద కూర్చుని తపాలచెక్క తింటుంటే ఇంటికి పోదామన్న పిల్లవాడు ఒక్కడూ లేడు.

తోటకూ ఇబ్బందులు ఉన్నాయి. మరుగుదొడ్డి ఒకటే ఉంటుంది, ఇరవై మందికి చాలదు. మేం బావికి దూరంగా గుంత తీసి చుట్టూ పరదా కట్టుకున్నాం. నెగడు వేసే చోట ఎండుటాకులన్నీ ఊడ్చేయాలి, కొమ్మల కింద వేయకూడదు. ముఖ్యమైన భయం కట్లపాము. అది రాత్రి తిరుగుతుంది, నేల మీద పడుకున్నవాళ్లను కరిస్తే ఒక్కోసారి నొప్పి కూడా తెలియదు. అడుగు గుడ్డ కలిపి కుట్టిన డేరాలే తెస్తాం, జిప్ ఎప్పుడూ మూసే ఉంచుతాం, బూట్లు లోపలే పెడతాం. పాము కాటు మందు ఉన్న ఆస్పత్రి ఏదో ముందే ఫోన్ చేసి కనుక్కుంటాం. ఈ భయం నది ఒడ్డునా ఉంటుంది, అక్కడ దానికి నీళ్ల భయం కూడా తోడవుతుంది.

అమ్రాబాద్ అడవి గురించి కూడా అడుగుతారు. నాకూ ఆ అడవంటే ప్రాణం. కానీ అది పెద్దపులుల అభయారణ్యం. అక్కడ నెగడు వేయకూడదు, గోల చేయకూడదు, రాత్రి 9 నుంచి ఉదయం 6 దాకా శ్రీశైలం రోడ్డు మీద వాహనాలు వదలరు. పగటి పూట ఫరహాబాద్ సఫారీకి తీసుకెళ్లండి, పిల్లలు కాస్త పెద్దయ్యాక. సాగర్ వెనుక జలాల మీద ఉన్న వైజాగ్ కాలనీకి సోమశిల గురించి చెప్పిందే వర్తిస్తుంది. ఒక పూట వెళ్లి చేపలు తిని రండి. బడి మైదానం మొదటిసారి బయట పడుకునే పిల్లలకు సరిపోతుంది.

మా పద్ధతి ఇప్పుడు ఇలా ఉంది: శనివారం మధ్యాహ్నం సోమశిల, లాంచీ, గుడి. నాలుగున్నరకల్లా బయలుదేరి వెలుగు ఉండగానే తోటలో డేరాలు. తేదీ ఖాయం చేసే ముందు తోట యజమానిని మూడు అడుగుతాం. పాత బావికి గోడ ఉందా? మోటారు స్టార్టర్ పెట్టెకు తాళం ఉందా? మందు ఎప్పుడు కొడతారు? పూత మొదలైతే తేనెమంచు పురుగుకు మందు కొడతారు, ఆ చెట్ల కింద పిల్లల్ని పడుకోబెట్టలేం. పోయినేడు ఆయనే చెప్పాడు, "డిసెంబరు సగానికి ముందే రండి సార్, ఆ తర్వాత నేను మీకు మాట ఇయ్యలేను" అని. అందుకే ఈసారి నవంబరు చివరి శనివారం అనుకుంటున్నాం.