కాలవగట్టు కాళ్ళకి కొండ సైకిల్ ఈవెంట్లు: ఏది ఎంత కష్టం?

మాది అమలాపురం దగ్గర. ఇక్కడ ఎత్తంటే ఏటిగట్టు, కాదంటే కాలవ మీద వంతెన, అంతే. నాలాంటివాళ్ళు ఈవెంటు వివరాల్లో "మొత్తం ఎక్కుడు 2000 మీటర్లు" అని చూసి టెన్షన్ పడతారు గానీ, అది ఎన్ని కిలోమీటర్లలో ఉందన్నదే అసలు సంగతి.

మారేడుమిల్లి ఘాట్ మీదుగా చేసిన 200 కిలోమీటర్ల బ్రెవే (పోటీ కాదు, టైములోగా పూర్తి చేయాల్సిన దూరపు సైకిల్ రైడ్) కొత్తవాళ్ళకి బాగుంటుంది. పదమూడున్నర గంటల టైముంది, అడవి నీడ ఉంది, మలుపులు ఎక్కువే అయినా వాలు మరీ నిలువుగా ఉండదు. నన్ను చంపింది కొండ కాదు, తిరుగుదారిలో ఎండ, పైగా నిర్వాహకులు చెప్పిన చోట మంచినీళ్ళు అయిపోయి ఉన్నాయి. అరకు వెళ్ళే అనంతగిరి ఘాట్ దీనికన్నా ఓ మెట్టు పైనే.

2008లో మొదలైన టూర్ ఆఫ్ నీలగిరీస్ వేరే లెక్క. రోజు తర్వాత రోజు తొక్కాలి, మధ్యలో మసినగుడి నుంచి ఊటీకి ఎక్కే కల్హట్టి, 36 హెయిర్‌పిన్ మలుపులు. ఫ్రాన్సులో టూర్ డి ఫ్రాన్స్ రేసుతో పేరుమోసిన ఆల్ప్ డ్యుయెజ్ కొండదారికి ఉన్నవి 21, సగటు వాలు 8.1 శాతం, అంటే కిలోమీటరుకి 81 మీటర్లు పైకి. కల్హట్టిలో నేను రెండుసార్లు దిగి నడిచాను, సిగ్గేం లేదు. వెనక చక్రం గేర్లలో (క్యాసెట్) అన్నిటికన్నా పెద్దది 28 పళ్ళదే పెట్టుకుని వెళ్ళడం నా తెలివితక్కువతనం, మీరు 34 వేయించుకోండి, పళ్ళు ఎక్కువైతే ఎక్కడం తేలిక.

ప్రాక్టీసుకి కొండ లేదంటారా? సాయంత్రం యానాం-ఎదుర్లంక వంతెన మీద ఎదురుగాలికి పెద్ద గేర్లో తొక్కండి, తొడలు అలాగే మండుతాయి.