స్పిన్-క్లీన్ రికార్డ్ వాషర్: చెన్నై నీళ్ళకీ, చెన్నై తేమకీ తట్టుకుంటుందా?

పల్లావరం శుక్రవారం సంతలోనో, సెంట్రల్ దగ్గర అల్లికుళం కాంప్లెక్స్‌లో పాత మూర్ మార్కెట్ వాళ్ళ షాపుల్లోనో పాత గ్రామఫోన్ ప్లేట్లు, అంటే రికార్డులు, కొనేవాళ్ళకి ఈ రివ్యూ ఎక్కువ పనికొస్తుంది. మన తెలుగు పాటలు ఒకప్పుడు రికార్డయ్యింది ఈ ఊళ్ళోనే, వెతికితే ఘంటసాల గారివీ సుశీలమ్మవీ ఇంకా దొరుకుతూనే ఉంటాయి, కానీ దొరికినవాటిలో చాలా వరకు గాడుల నిండా దుమ్ము, సముద్రపు తేమకి పట్టిన బూజు, పైన ఎవరెవరి వేళ్ళ జిడ్డో. కార్బన్ ఫైబర్ బ్రష్ పైపై దుమ్ముకి సరిపోతుందంతే, బూజు పోవాలంటే కడగాల్సిందే.

స్పిన్-క్లీన్ 1975 నుంచి ఉన్న అమెరికా సరుకు. మోటార్ లేదు, కరెంటు అక్కర్లేదు. ఒక తొట్టి, ఎదురెదురుగా రెండు బ్రష్‌లు, రికార్డు ఆనడానికి రెండు రోలర్లు, అంతే. నీళ్ళు పోసి వాళ్ళిచ్చిన లిక్విడ్ కలిపి రికార్డుని నిలువుగా దించి చేత్తో ఇటు మూడు చుట్లు అటు మూడు చుట్లు తిప్పితే రెండు వైపులా ఒకేసారి కడుగుడు పడుతుంది. రోలర్లు జరుపుకుంటే 45 స్పీడులో తిరిగే చిన్న రికార్డులూ పడతాయి. ఇంపోర్ట్ కాబట్టి ఒక ప్లాస్టిక్ తొట్టికి ఇంత రేటా అనిపిస్తుంది, నిజమే, కానీ ఒక పది రికార్డులు కడిగాక తొట్టి అడుగున చేరిన నల్లటి మడ్డి చూస్తే ఇదంతా ఇన్నాళ్ళూ మన ప్లేయర్ ముల్లు కింద నలుగుతోందా అని గుండె కలుక్కుమంటుంది.

అసలు సంగతి నీళ్ళ దగ్గరుంది. మా వైపు బోరు నీళ్ళు బకెట్‌కే తెల్లగా పేరుకుంటాయి, అవే నీళ్ళు గాడిలో ఆరితే ఆ ఉప్పు అక్కడే గట్టిపడి మళ్ళీ చిటపటే, దుమ్ము పోయి ఉప్పు వచ్చినట్టు. ఆర్వో నీళ్ళు కొంత నయం కానీ వాటిలోనూ ఖనిజాలు ఉంటాయి. డిస్టిల్డ్ వాటర్ కొనుక్కోండి, ఇందులో పిసినారితనం వద్దు. నేను ఇంకో పని కూడా చేస్తాను, లిక్విడ్‌తో కడిగాక లిక్విడ్ కలపని డిస్టిల్డ్ వాటర్‌లో ఇంకోసారి తిప్పుతాను, ఎందుకంటే లిక్విడ్ మిగిలిపోయినా ముల్లుకి జిగటగా అంటుకుంటుంది.

రెండోది ఆరబెట్టడం, ఈ మెషిన్‌లో నాకు నచ్చనిది ఇదొక్కటే. వాక్యూమ్ మెషిన్లు నీళ్ళని పీల్చేస్తాయి, ఇది పీల్చదు, గుడ్డతో అద్ది ర్యాక్‌లో నిలబెట్టాలి. అక్టోబర్ నవంబర్ వానల్లో మన ఊళ్ళో బట్టలే ఆరవు, అలాంటప్పుడు తడి మిగిలిన రికార్డుని కవర్‌లో పెట్టేస్తే కడిగిన బూజుకి మళ్ళీ చోటిచ్చినట్టే. ఏసీ గదిలో పెట్టండి, ఫ్యాన్ కింద వద్దు, దుమ్మంతా తెచ్చి దానిమీదే పోస్తుంది. పూర్తిగా ఆరాక కొత్త లోపలి కవర్ వెయ్యండి. పాత పీవీసీ కవర్లు మాత్రం పారెయ్యండి, అవి ఏళ్ళ తరబడి రికార్డుకి అంటుకుని మసక తెప్పిస్తాయి, ఆ మసక ఎంత కడిగినా పోదు.

ఇక కడగడం అయ్యాకే ప్లేయర్ ట్యూనింగ్ జోలికి వెళ్ళండి, మురికి రికార్డు పెట్టుకుని సెట్టింగులు తిప్పితే దేనివల్ల ఏ చప్పుడొస్తోందో తెలీదు. నాది ఆడియో-టెక్నికా వీఎం95ఈ కార్ట్రిడ్జ్ (ముల్లు బిగించి ఉండే చిన్న డబ్బా), దానికి కంపెనీ చెప్పిన బరువు, అంటే ముల్లు రికార్డు మీద మోపే బరువు, 1.8 నుంచి 2.2 గ్రాములు, మధ్యలో 2 గ్రాములు పెట్టుకున్నాను. బరువు తగ్గిస్తే రికార్డు అరగదు అని చాలామంది అనుకుంటారు కానీ తేలికైన ముల్లు గాడిని సరిగ్గా పట్టుకోక గోడలకి కొట్టుకుంటుంది, నష్టం దానివల్లే ఎక్కువ. రిచీ స్ట్రీట్‌లో దొరికే చిన్న డిజిటల్ తక్కెడ చాలు, 0.01 గ్రాము దాకా చూపించేది తీసుకోండి, పళ్ళెం ఇనుముది కాకుండా చూసుకోండి, కార్ట్రిడ్జ్‌లో అయస్కాంతం ఉంటుంది కాబట్టి ఇనుముకి లాక్కుపోయి లెక్క తప్పు చూపిస్తుంది. తూచేటప్పుడు ముల్లు రికార్డు ఎత్తులోనే ఉండాలి.

ఆ తర్వాత ప్రొట్రాక్టర్, కార్ట్రిడ్జ్ వంకర లేకుండా కూర్చుందో లేదో చూసుకునే గీతల అట్ట. ముల్లు కోణం కోసం వాడే బేర్వాల్డ్ లెక్క ప్రకారం మధ్య కడ్డీ నుంచి 66 మి.మీ. దగ్గరా, 120.9 మి.మీ. దగ్గరా కార్ట్రిడ్జ్ గీతలకి సరిగ్గా సమాంతరంగా రావాలి. ఇదంతా ఎందుకంటే ప్లేటు చివరికొచ్చేసరికి చుట్టు చిన్నదైపోతుంది, ఒక్కో సెకను పాటకి దొరికే గాడి పొడవు తగ్గి అలలన్నీ ఇరుక్కుంటాయి, ముల్లు కొంచెం వంకరగా ఉన్నా మొదట చెడేది అక్కడే. నా పరీక్ష చాలా సింపుల్, ఒక వైపు చివరి పాట పెట్టి స, శ, ష అక్షరాలు వినండి. ‘శ్రీ’ అన్నచోట బుస్సుమని ఉమ్మినట్టు వస్తే అలైన్‌మెంటో బరువో సరిపోలేదు, రెండు స్పీకర్లలో ఒకదాంట్లోనే ఎక్కువ వస్తుంటే యాంటీ-స్కేట్ (ముల్లు చెయ్యి లోపలికి లాక్కుపోకుండా ఆపే సెట్టింగు) చూసుకోండి. కడిగి, సెట్ చేశాక ఘంటసాల గారి పద్యం చివర్లో ఆ సకారాలు అంత శుభ్రంగా, గొంతులోని గాలితో సహా వినిపిస్తే కాసేపు లేవబుద్ధి కాలేదు నాకు. అరిగిపోయింది అని పక్కన పెట్టేసిన రికార్డు అది.

78 స్పీడులో తిరిగే పాతకాలం ప్లేట్లు ఉన్నవాళ్ళకి ఒక మాట. అవి లక్కతో చేసినవి, స్పిరిట్ తగిలితే కరిగిపోతాయి, కాబట్టి ఇంట్లో ఐసోప్రొపైల్ ఆల్కహాల్ కలిపి చేసుకునే లిక్విడ్‌లు వాటి దగ్గరికి కూడా రానివ్వద్దు. స్పిన్-క్లీన్ లిక్విడ్‌లో ఆల్కహాల్ లేదు కాబట్టి వాటికీ వాడొచ్చు, నీళ్ళలో ఎక్కువసేపు నాననివ్వకుండా తీసి వెంటనే తుడిచెయ్యండి. వాటికి ముల్లు కూడా వేరే, మామూలు ఎల్పీ (33 స్పీడు పెద్ద రికార్డు) ముల్లు ఆ వెడల్పు గాడిలో అడుగునే తిరుగుతుంది. వీఎం95 వాడేవాళ్ళు కార్ట్రిడ్జ్ మార్చక్కర్లేదు, అదే సిరీస్‌లో 78 కోసం ఎస్పీ ముల్లు విడిగా దొరుకుతుంది, లాగి తగిలించుకోవడమే, కాకపోతే బరువు మళ్ళీ తూచి పెట్టుకోవాలి.