‘చక్కని’కి ఇంగ్లీషులో ఏ మాట మేలు: ఫెయిరా, ప్రెట్టీయా, బ్యూటిఫులా?

తెలుగు కథను ఇంగ్లీషులోకి మార్చేటప్పుడు నన్ను ఎక్కువసేపు నిలబెట్టే మాట ‘చక్కని’. ‘చక్కని పిల్ల’ అన్న నోటితోనే ‘చక్కగా కూర్చో’ అంటాం, చెడిన పని బాగుపడితే ‘చక్కబడింది’ అంటాం. అందమూ సవ్యతా ఈ మాటలో విడదీయరాకుండా కలిసి ఉన్నాయి.

అర్థాన్ని బట్టి చూస్తే దీనికి అతి దగ్గరి చుట్టం ‘ఫెయిర్’. పాత ఇంగ్లీషులో అందమైన, మనోహరమైన అనే అర్థంతో మొదలైన ఈ మాట, తరువాత న్యాయమైన, పక్షపాతం లేని అనే అర్థాలనూ కలుపుకుంది. మన రేషన్ దుకాణాన్ని ‘ఫెయిర్ ప్రైస్ షాప్’ అనడంలో ఉన్నది ఆ న్యాయమే, తెలుగులో దానిని ‘చౌకధరల దుకాణం’ అన్నప్పుడు అది జారిపోయింది. అయితే ఇదే మాటకు తెల్లని ఛాయ అనే అర్థం కూడా అంటుకుంది. మన దేశంలో పెళ్లి ప్రకటనలూ, 1975లో వచ్చిన ‘ఫెయిర్ అండ్ లవ్లీ’ క్రీమూ ఆ అర్థాన్ని ఎంత బలంగా నాటాయంటే, 2020లో ఆ క్రీము పేరును ‘గ్లో అండ్ లవ్లీ’గా మార్చినా, ‘ఫెయిర్ గర్ల్’ అనగానే మన పాఠకుడికి ముందుగా తోచేది ఒంటి రంగే. ఇంత మంచి మాట ఇలా కుంచించుకుపోవడం నాకు నిజంగా బాధ కలిగిస్తుంది.

‘ప్రెట్టీ’ చరిత్ర దీనికి పూర్తిగా వేరు. పాత ఇంగ్లీషులో టక్కరి, జిత్తులమారి అని అర్థమున్న ఈ మాట, క్రమంగా నేర్పరి, నేర్పుగా చేసిన అనే అర్థాల మీదుగా ముచ్చటైన అనే అర్థానికి చేరింది. వాకిట్లో వేసిన చిన్న ముగ్గుకు ఇది బాగా అమరుతుంది కానీ, గంభీరమైన అందాన్ని మోయలేదు. చేతికి వీలైనది అనే అర్థం నుంచి వచ్చిన ‘హ్యాండ్‌సమ్’ ఇప్పుడు ఎక్కువగా మగవారికే వాడుతున్నారు కాబట్టి దాన్ని పక్కన పెట్టవచ్చు.

‘బ్యూటీ’ పాత ఫ్రెంచి ద్వారా వచ్చింది. దాని మూలమైన లాటిన్ మాట ‘బెల్లుస్’, మంచి అనే అర్థమున్న ‘బోనుస్’కు బంధువు. ఆ మంచితనం ఇప్పుడు పైకి వినిపించకపోయినా, ఈ మాట రంగును ఎంచదు, వయసును తగ్గించదు. కథలో ఎనభై ఏళ్ల అవ్వను ‘చక్కని మనిషి’ అన్నారనుకోండి, ‘ప్రెట్టీ’ ఆమెను చిన్నపిల్లను చేస్తుంది, ‘ఫెయిర్’ ఆమె ఛాయను చెబుతుంది. నేనైతే ‘బ్యూటిఫుల్’ అని రాసి, ఆమె నడవడిలోని చక్కదనాన్ని మరో వాక్యంలో విడిగా చెబుతాను.